బొమ్మల కథల పుస్తకానికి మార్కులు వేయడం ఎలా?

హాస్టల్లో చదివినవాళ్ళకు ట్రంకు పెట్టె గురించి చెప్పనక్కరలేదు. మా గదిలో మేము ముగ్గురం. మూడిళ్ళలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. మా పెట్టెల్లో ఒకదాని నిండా బొమ్మల కథల పుస్తకాలే ఉండేవి. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నవి, మొత్తం 63. ఎక్కువ భాగం అమర్ చిత్ర కథలు. పీజీ రెండో ఏడాది పరీక్ష ఫీజు కోసం వాటిని అమ్ముదామనుకున్నప్పుడు, ఏ పుస్తకం ఎంత చేస్తుందో మాకేమీ తెలియదని అర్థమైంది. అప్పుడు నేర్చుకున్నది తమ్ముళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాం.

గ్రేడు అంటే ఏమిటి?

పుస్తకం ఎంత చెడకుండా నిలిచిందో చెప్పే మార్కే గ్రేడు. కథ బాగుందా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. ఈ లెక్క అమెరికాలో బాగా స్థిరపడింది. అక్కడ 1970లో ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం వచ్చింది. 2000లో మొదలైన సి.జి.సి. అనే సంస్థ రుసుము తీసుకుని పుస్తకాన్ని పరీక్షించి, మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తుంది. మార్కులు 0.5 నుంచి 10 వరకు. 9.4 అంటే దాదాపు కొత్తది. 8 అంటే చాలా బాగున్నది. 4ను ‘వెరీ గుడ్’ అనీ, 2ను ‘గుడ్’ అనీ అంటారు. ఆ మాటలు విని మోసపోకూడదు. ‘గుడ్’ పుస్తకం బాగా నలిగి, మడతలు పడి ఉంటుంది.

మార్కు వేసే పద్ధతి

1. చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకుని, పుస్తకాన్ని పగటి వెలుతురులో బల్ల మీద పెట్టాలి.

2. ముందుగా పేజీలు లెక్కపెట్టాలి. నడిమి కాగితం ఒక్కటి పిన్నుల నుంచి ఊడిపోతే నాలుగు పేజీలు పోయినట్టే.

3. అట్ట చూడాలి. రంగు లేచిపోయిన మడతకు ఎక్కువ మార్కులు పోతాయి, రంగు చెదరని వంపుకు తక్కువ.

4. పిన్నుల తుప్పు, వెన్ను చిరుగు, నీటి మరకలు, కాగితం పసుపు రంగు చూడాలి.

5. రాతలు, ముద్రలు, టేపు చూడాలి. మనం పుస్తకం కొనగానే పేరు, రోల్ నంబరు రాస్తాం. చిరిగితే టేపు వేస్తాం. కొన్నేళ్ళకు ఆ జిగురే కాగితాన్ని పాడుచేస్తుంది. చిరిగినదాన్ని అలాగే ఉంచడం మేలు.

మేము చేసిన తప్పు

ఒక పుస్తకాన్ని ‘చాలా బాగుంది’ అని చెప్పి పోస్టులో అమ్మాం. అట్ట చూసి వేసిన మార్కు అది. పేజీలు లెక్కపెట్టలేదు. నడిమి కాగితం లేదని కొన్నాయన తిప్పి పంపారు. ఒక్క మాట కూడా అనలేదు, అదే మాకు ఎక్కువ కష్టమనిపించింది. ఆ డబ్బు అప్పటికే ఫీజులో కలిసిపోయింది. ట్యూషన్లు చెప్పి తిరిగి ఇచ్చాం. మన పేపరు మనమే దిద్దుకుంటే మార్కులు ఎక్కువే పడతాయి. అందుకే ఆ తర్వాత ఒకరు కొన్న పుస్తకానికి మరొకరం మార్కు వేశాం. తేడా వస్తే తక్కువ మార్కే రాసుకున్నాం.

ధర ఎలా తేలుతుంది?

గ్రేడు ఒక్కటే ధరను తేల్చదు. ఎన్ని ప్రతులు మిగిలాయి, ఎంతమంది కావాలంటున్నారు అన్నవి కూడా చూడాలి. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ 1వ సంచిక 1938లో 10 సెంట్లు. పిల్లలు చదివి పారేశారు. యుద్ధకాలంలో పాత కాగితాల సేకరణలో కొన్ని పోయాయి. 9 మార్కుల ప్రతి 2014లో 32 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 8.5 మార్కుల ప్రతి 2024లో 60 లక్షల డాలర్లు పలికింది. మార్కు తక్కువైనా, పదేళ్ళలో కోరేవాళ్ళ పోటీ పెరిగింది. దీనికి భిన్నంగా, 1992లో సూపర్‌మ్యాన్ మరణించిన 75వ సంచికను లక్షల మంది కొని కవరు విప్పకుండా దాచారు. అందరి దగ్గరా ఉన్నదానికి కొరత ఎక్కడిది? దాని మామూలు ప్రతి ఈనాటికీ చవకే.

1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథల్లో చాలావాటిని మళ్ళీ మళ్ళీ అచ్చువేశారు. కాబట్టి కథ పాతదైనంత మాత్రాన ప్రతి పాతది కాదు. ముద్రణ వివరాలు, అట్ట మీద ధర చూడాలి. ఈ పుస్తకాలు 2007లో ఏ.సి.కె. మీడియా చేతికి వెళ్ళాయి. అంతకు ముందువాటి మీద ఇండియా బుక్ హౌస్ పేరు ఉంటుంది. ఇంకో మాట: అమ్మేవాళ్ళు అడిగే ధరను కాక, నిజంగా అమ్ముడైన ధరనే నోటు పుస్తకంలో రాసుకోవాలి.

మా 63లో 6 మార్కులు దాటినవి నాలుగే. 41 అమ్మితే ఫీజులో సగం వచ్చింది. 1979లో తొలిసారి వెలువడిన బాబాసాహెబ్ అంబేద్కర్ కథ ప్రతి ఒకటి మిగిలింది. దానికి అట్ట లేదు. మొదటి పేజీ మీద నాలుగు పేర్లు, నాలుగు చేతిరాతలు ఉన్నాయి. ముగ్గురం విడివిడిగా దిద్దినా 0.5 మార్కే వచ్చింది. దాన్ని మన హాస్టల్ రీడింగ్ రూములో పెట్టాం. తమ్ముళ్ళూ, చదవండి. చిరిగితే చిరగనివ్వండి గానీ టేపు మాత్రం వేయకండి.