అల్లరి వెనుక కారణం వెతకండి

ప్రశ్న: నేను నాలుగో తరగతి టీచర్‌ని. ఒక బాబు లెక్కల పీరియడ్‌లో పక్కవాళ్లను గిల్లుతాడు, పుస్తకాలు విసిరేస్తాడు. బయట నిలబెట్టినా మారడం లేదు. ఏం చేయాలి?

జవాబు: లెక్కలు తప్పించుకోవడానికే అల్లరి చేస్తుంటే, బయట నిలబెట్టడం ఆ బాబుకు బహుమతే అవుతుంది. రెండు వారాలు మూడు విషయాలు రాసుకోండి: అల్లరికి ముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, తర్వాత అతనికి ఏం దక్కింది. చూపు, వినికిడి కూడా పరీక్ష చేయించమని బాబు తల్లిదండ్రులకు చెప్పండి. కారణం లెక్కల భయమని తేలితే, అతనికి వచ్చిన స్థాయి నుంచే చిన్న లెక్కలివ్వండి. ‘అర్థం కాలేదు టీచర్’ అని చెయ్యెత్తడం నేర్పండి; ఎత్తిన వెంటనే సాయం చేయండి, మెచ్చుకోండి. ఎంత విసిగించినా, కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. కారణం రాసుకుని వెతికే ఈ పద్ధతిని తోటి టీచర్లతో కలిసి సాధన చేయండి. పిల్లల అల్లరి కూడా ఒక మాటే. ముందు దాన్ని వినండి.