వాసనకు లెక్కలుంటాయా?

తొలకరి చినుకులు పడగానే ఆదోని నల్లరేగడి చేల నుంచి వచ్చే మట్టివాసన మనకు కొత్త కాదు. నేలలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం దానికి ముఖ్య కారణం. మరి ఒక పదార్థం నిర్మాణాన్ని బట్టి దాని వాసన ఎలా ఉంటుందో కంప్యూటర్ చెప్పగలదా?

మన ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు. ఇటువంటి గ్రాహకాల జన్యువులను 1991లో వెల్లడించిన రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. ఒకే పదార్థం అనేక గ్రాహకాలను కదిలించగలదు. అందుకే ఈ లెక్క చిక్కుగా ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. స్పియర్‌మింట్ అనే పుదీనా రకానికి వాసననిచ్చేది కార్వోన్. సోయికూర గింజల వాసనకు కారణమూ కార్వోనే. రెండింటి ఫార్ములా ఒక్కటే. కుడిచేయి, ఎడమచేయిలాగా ఒకటి మరొకదానికి అద్దంలో ప్రతిబింబం, అంతే తేడా. వాసన మాత్రం వేరు! కాబట్టి ఫార్ములా ఒక్కటే చాలదు, మనుషులు వాసన చూసి చెప్పిన సమాచారం కూడా కావాలి. అలా పోగుచేసిన పట్టికే డేటాబేస్. మన హాస్టల్ హాజరుపట్టీ లాంటిదే అనుకోండి: అడ్డ వరుసలో పదార్థం, నిలువు గడుల్లో దాని లక్షణాలు.

2017లో ప్రచురితమైన డ్రీమ్ అనే పోటీ ఫలితాలు దీనికి మంచి నిదర్శనం. అమెరికాలో 49 మంది 476 పదార్థాలను వాసన చూసి, ఘాటు, ఇష్టంతో పాటు 19 మాటలకు మార్కులు వేశారు. 338 పదార్థాల జవాబులను ముందే ఇచ్చి, కంప్యూటర్ మోడళ్లను తయారుచేయమన్నారు. చివరి 69 పదార్థాల జవాబులను దాచి ఉంచారు. మోడల్ పేపర్లు చదివి పబ్లిక్ పరీక్ష రాసినట్టన్నమాట! బట్టీ పట్టినవాడు అక్కడ నిలవడు. 22 జట్లు పాల్గొన్నాయి. వెల్లుల్లి, చేప, తీపి, పండు, మాడు, మసాలా, పువ్వు, పులుపు అనే 8 మాటలను మోడళ్లు బాగా ఊహించగలిగాయి.

అయితే ఆ 19 మాటల్లో మట్టివాసన లేదు. పట్టికలో లేని మాటను ఆ మోడల్ నేర్చుకోలేదు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి వాసన, ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర రంగు నూలు వాసన తెలిసిన మనమే వాటికి సరైన మాటలు ఇవ్వగలం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ ఆదివారం ఐదుగురు కళ్లు మూసుకుని లవంగం, వాము, పుదీనా, సోయికూర, తడిమట్టి వాసన చూడండి. ఒక్కో మాటకు 0 నుంచి 100 వరకు మార్కులు వేసి నోటుబుక్కులో రాయండి. పక్కవాడిది చూసి రాయొద్దు. ఒకే వాసనకు ఐదుగురి మార్కులు ఎంత తేడాగా ఉన్నాయో గమనించండి. అదే మీ మొదటి డేటాబేస్. దానికి కంప్యూటర్ అక్కర్లేదు, నిజాయితీగా రాసే అలవాటుంటే చాలు.