దారి తప్పినప్పుడు: భార్యాభర్తలకు ఒక పాఠం



మాది నల్లమాడ. వాన కోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు నొప్పెట్టిన కరువు సీమ. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉన్న మా మండలం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. వేరుశనగ పనులు ముగిసిన తరువాత ఒక రోజు, పిల్లలను మా అమ్మ దగ్గర విడిచి, నేనూ నా భార్యా కారులో తిమ్మమ్మ మర్రిమాను చూడబోయాము. కదిరికి సుమారు 25 కిలోమీటర్ల దూరాన గూటిబైలు దగ్గర ఉంది ఆ చెట్టు. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. నాలుగున్నర ఎకరాలకు పైగా నీడ, వెయ్యికి మించిన ఊడలు. కాపురమంటే ఇలా ఉండాలి అనుకుంటూ సద్దిమూట విప్పి తిన్నాము. ఆ మాట తిరుగు ప్రయాణంలో పరీక్షకు నిలబడలేదు.

కదిరి పట్టణంలోని రద్దీ తప్పించుకుందామని నేను పల్లెల మీదుగా అడ్డదారి పట్టాను. కొంతసేపటికి సెల్‌ఫోనులో సిగ్నల్ పోయింది. చివరకు ఒక పెద్ద రోడ్డు ఎక్కాము. "కుడికి పోవాలేమో, ఎవరినైనా అడగండీ" అంది ఆమె. నేను బండి పూర్తిగా ఆపకుండానే, మోటారు సైకిలు మీద పోతున్న ఒకాయనను "నల్లమాడకు ఇటేనా?" అని కేక వేశాను. ఆ చప్పుడులో ఆయనకు నల్లచెరువు అని వినబడింది కాబోలు, ఎడమవైపు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. మా నల్లమాడ కదిరికి ఒక పక్క, నల్లచెరువు మరో పక్క.

ఎడమకు తిప్పాను. ఆమె మరోసారి సందేహం చెప్పబోయింది. "నువ్వు కొంచెంసేపు నోరు మూసుకుంటే నేనే ఇల్లు చేరుస్తా" అన్నాను. ఆమె నోరు మూసుకుంది.

పొద్దు వాలుతోంది. పెట్రోలు ముల్లు కిందికి దిగుతోంది. చివరకు గొర్రెలు తోలుకొస్తున్న ఒక ముసలాయన కనబడితే బండి ఆపి దిగాను. "దావ తప్పినారా నాయనా? ఇది తనకల్లు దావ. మీరు ఎనక్కి కదిరికి పోవల్ల" అన్నాడు.

తిరిగొచ్చి కూర్చున్నాక ఆమె మెల్లగా అంది: "చాలాసేపటి నుంచి సూర్యుడు మన కుడిపక్కన ఉన్నాడండీ. సాయంత్రం పూట మన ఊరికి పోతుంటే ఎదురుగా కదా ఉండాలి." మరి ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. చెప్పవద్దన్నది నేనే. ఆమెకు దారి తెలుసు. ఆ దారికి తలుపు మూసింది నా నోరు.

ఇక పాఠంలోకి వద్దాము.

1. అడిగే పద్ధతి: "ఈ దారి ఫలానా ఊరికేనా?" అంటే మర్యాద కొద్దీ చాలామంది అవుననే అంటారు. "ఈ దారి ఎక్కడికి పోతుంది?" అని అడగండి. జవాబు వారి నోటి నుండి రానివ్వండి. బండి ఆపి, దిగి, ఊరి పేరుతో పాటు మండలం పేరు కూడా చెప్పండి. మరికొంత దూరం పోయాక ఇంకొకరిని అడగండి.

2. రాళ్లు చదవడం: మైలురాయి తల పసుపు రంగైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నారింజ రంగైతే గ్రామీణ రోడ్డు. ఒక్క రాయి చూసి తొందరపడవద్దు. రెండు రాళ్లు చూస్తే ఏ ఊరి దూరం తగ్గుతోందో తెలుస్తుంది. ఆ సాయంత్రం మదనపల్లె దూరం తగ్గుతూ ఉంది, నేను చూడలేదు. ప్రాథమిక పాఠశాల గోడ మీద కూడా ఊరి పేరు, మండలం పేరు రాసి ఉంటాయి.

3. సూర్యుడు: ఉదయం, సాయంత్రం సూర్యుడిని నమ్మవచ్చు. మిట్టమధ్యాహ్నపు నీడను చూసి మాత్రం దిక్కు నిర్ణయించవద్దు. మా ప్రాంతంలో ఏప్రిల్ చివరి నుండి ఆగస్టు మధ్య వరకు ఆ నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా కాలంలో ఉత్తరానికి.

4. సెల్‌ఫోను: మనం ఎక్కడున్నామో ఫోనుకు తెలిసేది ఉపగ్రహాల ద్వారా. అందుకు టవర్ సిగ్నల్ అక్కరలేదు. కాని పటం కనబడాలంటే నెట్ కావాలి. కాబట్టి బయలుదేరక ముందే ఇంటి దగ్గర ఆ ప్రాంతపు పటం ఫోనులో దించుకోండి. ఆపదలో 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద సాయానికి 1033.

5. చీకటి పడితే: తెలియని చోట బండి వెనక్కి తిప్పేటప్పుడు ఒకరు టార్చితో దిగి చూడాలి. మన పొలాల పక్కన గట్టు లేని పాత బావులు ఉంటాయి. నీళ్లు పారే వంకను దాటవద్దు. కరువు సీమ కదా అనుకోకండి. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, నదిలో చిక్కుకున్నవారిని వైమానిక దళం హెలికాప్టరుతో కాపాడవలసి వచ్చింది.

6. ఇద్దరి పని: ఒకరు తోలాలి, ఒకరు దారి చూడాలి. తోలేవారు రోడ్డు నుండి కళ్లు తిప్పకూడదు గనుక దారి చూసేవారి మాటకు విలువ ఇవ్వాలి. తప్పామని ఇద్దరిలో ఎవరికి అనుమానం వచ్చినా బండి పక్కకు ఆపాలి. ఎవరి తప్పు అన్న విచారణ ఇల్లు చేరిన తరువాత. అప్పటికి ఆ విచారణ అవసరం సాధారణంగా ఉండదు.

లూకా సువిశేషం రెండవ అధ్యాయంలో మరియమ్మ, యోసేపు గార్లు ఒక రోజు ప్రయాణం చేశాక గాని బాలయేసు తమ వెంట లేడని గ్రహించరు. నీ వల్లనే అని ఒకరినొకరు నిందించుకున్నట్టు అక్కడ ఎక్కడా లేదు. ఇద్దరూ కలిసి వెనక్కి తిరిగారు, కలిసి వెదికారు.

మేమూ వెనక్కి తిరిగాము. కదిరిలో పెట్రోలు పోయించుకుని, ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయారు. "ఇంత ఆలస్యమా?" అంది అమ్మ. "నేను దారి తప్పించాను, తనకు దారి తెలుసు" అన్నాను. నా భార్య ఏమీ అనలేదు. చల్లారిన అన్నంలో వేడి చారు పోసి ముందుగా నాకే పెట్టింది.

ఈ వారం ఇంట్లో మాట్లాడుకోండి: మన ఇంట్లో దారి తెలిసి కూడా మౌనంగా ఉన్నవారు ఎవరు? వారి నోరు మూయించిన మాట ఏది?