భూగర్భ చమురు లెక్కలో ‘అనుకుందాం’ వాటా ఎంత?

మన యార్డులలో సరుకు బేరం కుదిరే తీరు వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. బస్తాలోనుంచి మచ్చు తీస్తారు. అరచేతిలో వేసుకొని రంగు, తాలు, తేమ చూస్తారు. అనుమానం కలిగితే మరో బస్తా విప్పిస్తారు. తరుగు తేల్చుకొని ధర చెబుతారు.

ముడిచమురు, సహజవాయువులలో వాయిదా బేరాలు చేసేవారికి ఈ వెసులుబాటు లేదు. సరుకు నేలకు రెండు మూడు కిలోమీటర్ల అడుగున వుంటుంది. దానిని కళ్లారా చూసినవారు లేరు. అయినా ఫలానా క్షేత్రంలో ఇన్ని కోట్ల పీపాల చమురు వున్నదన్న వార్త రాగానే షేర్లు కదులుతాయి, ఒక్కొక్కప్పుడు సరుకు ధర కూడా కదులుతుంది. ఆ అంకె ఎట్లా పుడుతున్నది? అందులో కొలిచినది ఎంత, అనుకున్నది ఎంత? ఈ సంగతి తెలియకుండా బేరంలో దిగడం మచ్చు చూడకుండా సరుకు కొనడం వంటిదే.

రాయిలోని చమురు

భూమి అడుగున చమురు చెరువులా నిలిచి వుంటుందన్న భావన చాలామందిలో వున్నది. అది నిజం కాదు. ఇసుకరాయి, సున్నపురాయి వంటి రాళ్ల సందులలో, తడి ఇసుకలో నీరున్నట్లు, చమురు ఇమిడి వుంటుంది. అందుచేత నిల్వ కట్టాలంటే అయిదు సంగతులు తెలియాలి. రాతిపొర విస్తీర్ణం ఎంత, మందం ఎంత, రాయిలో ఖాళీ సందులు నూటికి ఎన్ని పాళ్లు, ఆ సందులలో నీరు పోగా చమురు ఎంత, పైకి వచ్చేసరికి అందులోని వాయువు విడిపోయి చమురు పరిమాణం ఎంత తగ్గుతుంది.

ఉదాహరణకు 1,000 ఎకరాల విస్తీర్ణం, 50 అడుగుల మందం గల పొరను తీసుకుందాం. సందులు 20 శాతం, వాటిలో నీరు 30 శాతం అనుకుందాం. భూగర్భంలోని 1.25 పీపాలు పైకి వచ్చేసరికి 1 పీపా అవుతుందనుకుందాం. ఎకరం విస్తీర్ణంలో అడుగు మందానికి 7,758 పీపాల చోటు వుంటుంది. ఈ ప్రకారం లెక్క కడితే పొరలో సుమారు 4 కోట్ల 34 లక్షల పీపాల చమురు వున్నట్లు తేలుతుంది. అందులో 30 శాతం తీయగలమనుకుంటే చేతికి వచ్చేది 1 కోటి 30 లక్షల పీపాలు.

ఇప్పుడు ఇవే అంకెలను కొద్దిగా తగ్గించి చూద్దాం. మందం 45 అడుగులు, సందులు 18 శాతం, నీరు 35 శాతం, తీయగలిగినది 25 శాతం అనుకుంటే చేతికి వచ్చేది సుమారు 82 లక్షల పీపాలే. ఒక్కొక్క అంకె మారినది కొంచెమే. ఫలితంలో మాత్రం మూడో వంతుకు పైగా ఎగిరిపోయింది. చిన్న చిన్న ఊహలు ఒకదానితో ఒకటి హెచ్చింపబడడమే ఇందుకు కారణం.

ఈ అంకెలు ఎక్కడివన్నది ప్రశ్న. బావి తవ్వేటప్పుడు తీసిన కొద్ది అంగుళాల వ్యాసం గల రాతి ముక్క మచ్చు అవుతుంది. బావిలోకి దింపిన పరికరాల కొలతలు, భూకంపన తరంగాల సర్వే పటాలు దానికి తోడవుతాయి. బావికీ బావికీ నడుమనున్న వందల ఎకరాలలో రాయి ఆ మచ్చులాగే వుంటుందనుకొని లెక్క పూర్తిచేస్తారు. గోదాములోని బస్తాలన్నీ విప్పిన ఒక్క బస్తాలాగే వుంటాయని నమ్మే వర్తకుడు మనలో ఎందరు?

ఒకే తొట్టి అన్న ఊహ

తవ్వకం మొదలైన తరువాత మరో పద్ధతి వాడుకలోకి వస్తుంది. ఎంత సరుకు తీసినప్పుడు ఎంత ఒత్తిడి తగ్గిందో చూసి మిగిలిన నిల్వను కడతారు. ప్రారంభ నిల్వలోనుంచి అమ్మకాలు తీసివేసి ముగింపు నిల్వ రాబట్టే మన ఖాతా లెక్కకు ఇది దగ్గరిది. షిల్తూయిస్ అనే ఇంజనీరు 1936లో దీనికి ఒక సమీకరణం ఇచ్చాడు. అయితే ఇందులో క్షేత్రమంతా ఒకే తొట్టి అనుకోవాలి. ఒక మూల తీస్తే ఆ తగ్గుదల అన్ని మూలలకూ పాకుతుందనుకోవాలి. నడుమ రాతి గోడలు, పగుళ్లు వుంటే ఒక తొట్టి పది తొట్లవుతుంది. అప్పుడు ఒక బావి చూపిన లెక్క మరో బావికి చెల్లదు.

ద్రవం రాయి గుండా పారే వేగాన్ని కట్టే సూత్రం కూడా ఇటువంటిదే. ఫ్రాన్సులోని దిజోన్ పట్టణ నీటి సరఫరా పనులలో వున్న హెన్రీ డార్సీ ఇసుక గుండా నీరు పారే తీరును పరీక్షించి 1856లో దానిని ప్రచురించాడు. ఆ పరీక్షలో వున్నది నీరొక్కటే. చమురు క్షేత్రంలో చమురు, వాయువు, నీరు మూడూ ఒకే సందుకోసం పోటీ పడతాయి. సూత్రానికి సవరణలు చేసి నేటికీ వాడుతున్నారు. ప్రతి సవరణ వెనుకా మరో ఊహ వున్నది.

తరుగుదల పద్ధతులు

వాణిజ్యశాస్త్రం చదివినవారికి యంత్రాల తరుగుదల లెక్క గుర్తుండే వుంటుంది. యంత్రం అదే. స్థిర వాయిదాల పద్ధతిలో ఒక విలువ వస్తుంది, తగ్గుతున్న నిల్వల పద్ధతిలో మరో విలువ వస్తుంది. చమురు బావి ఉత్పత్తి తగ్గుదలకు కూడా ఇటువంటి పద్ధతులు వున్నవి. ఆర్ప్స్ అనే ఇంజనీరు 1945లో వీటిని క్రమబద్ధం చేశాడు.

రోజుకు 1,000 పీపాలు ఇస్తున్న బావి ఒకటి వున్నదనుకుందాం. మొదట తగ్గుదల ఏడాదికి 10 శాతం చొప్పున వున్నది. ఈ రేటు చివరిదాకా మారదనుకోవడం ఒక పద్ధతి. ఉత్పత్తి తగ్గేకొద్దీ తగ్గుదల రేటు కూడా నెమ్మదిస్తుందనుకోవడం మరో పద్ధతి. మొదటి పద్ధతిలో ఏడాది తరువాత బావి ఇచ్చేది రోజుకు 905 పీపాలు, రెండవ పద్ధతిలో 909 పీపాలు. తేడా 4 పీపాలే. బావి వద్ద కొలతలో వచ్చే పొరపాటే అంతకంటే ఎక్కువ వుండవచ్చు. కాబట్టి ఏడాది అనుభవం చూసి ఏది నిజమో చెప్పడం కష్టం.

30 ఏళ్ల లెక్క వేసి చూడండి. మొదటి పద్ధతిలో బావి మొత్తం ఉత్పత్తి సుమారు 35 లక్షల పీపాలు. రెండవ పద్ధతిలో సుమారు 51 లక్షల పీపాలు. బావి అదే, తొలి ఏడాది లెక్కలు అవే. తేడా వచ్చిన 16 లక్షల పీపాలు భూమిలోనుంచి వచ్చినవి కావు, ఎంచుకున్న పద్ధతిలోనుంచి వచ్చినవి. ఒక కంపెనీ ప్రకటనలో ఏ పద్ధతి వాడారో చెప్పకపోతే అంకెకు విలువ కట్టడం సాధ్యం కాదు.

తవ్వకం లెక్క

నిల్వల లెక్కే కాదు, బావి పూర్తయ్యే తేదీ, ఖర్చు కూడా ఊహలపై నడిచేవే. తవ్వేటప్పుడు భూగర్భ ఒత్తిడి పైకి తన్నకుండా బావిలో మడ్ అనే చిక్కని బురద ద్రవాన్ని నింపి వుంచుతారు. గాలనుకు 10 పౌండ్ల బరువు గల మడ్ 10,000 అడుగుల లోతున చదరపు అంగుళానికి 5,200 పౌండ్ల ఒత్తిడి ఇస్తుందని లెక్క. ఇక్కడ ఊహ ఏమంటే మడ్ బరువు పైనుంచి కిందిదాకా ఒకటే. కాని లోతున వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది. వాయువు కలిస్తే మరింత తేలికపడుతుంది. సగటు బరువు 9.8 పౌండ్లకు తగ్గితే అడుగున ఒత్తిడి 104 పౌండ్లు పడిపోతుంది. ఒత్తిడి చాలకపోతే బావి తన్నుతుంది, ఎక్కువైతే రాయి చిట్లుతుంది. అధిక ఒత్తిడి గల పొరలలో ఈ రెండింటి నడుమ వెసులుబాటు స్వల్పం.

బావి అదుపు తప్పితే ఎట్లా వుంటుందో తూర్పు గోదావరి వాసులకు తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద చెలరేగిన మంటలు ఆరడానికి రెండు నెలలకు పైగా పట్టింది.

కె.జి. డి-6 నేర్పిన పాఠం

మన తీరానికి ఎదురుగా జరిగిన ఉదంతం వర్తకులు మరువరానిది. కృష్ణా-గోదావరి లోతు సముద్రంలో రిలయన్స్ సంస్థ 2002లో కనుగొన్న ధీరూభాయి-1, 3 క్షేత్రాలలో తీయగల వాయువు 10.03 లక్షల కోట్ల ఘనపుటడుగులని 2006 నాటి అభివృద్ధి ప్రణాళిక పేర్కొన్నది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల ఉత్పత్తి లక్ష్యం. 2009 ఏప్రిల్‌లో వాయువు వచ్చింది. 2010లో డి-6 బ్లాకు మొత్తం ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. అక్కడినుంచి దిగజారుడు మొదలైంది. 2012లో తీయగల నిల్వ అంచనాను సుమారు 3.1 లక్షల కోట్ల ఘనపుటడుగులకు కుదించారు. 2014 నాటికి ఉత్పత్తి గరిష్ఠ స్థాయిలో నాలుగో వంతు లోపుకు పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో ఈ రెండు క్షేత్రాలూ మూతపడ్డాయి.

భూగర్భ నిర్మాణం అనుకున్నదానికంటే జటిలంగా వున్నదని, ఒత్తిడి పడిపోయి నీరు చేరిందని సంస్థ చెప్పింది. ప్రణాళికలో చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం ఆక్షేపించింది. ఈ వివాదం ఎట్లా వున్నా, మధ్యలో నష్టపోయింది మొదటి అంకెను చేతిలో వున్న సరుకుగా నమ్మినవారు. ఆ వాయువు వస్తుందని గోదావరి, కృష్ణా జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. వాటికి అప్పులిచ్చిన బ్యాంకులు చిక్కున పడ్డాయి. డి-6 బ్లాకులోని ఇతర క్షేత్రాలనుంచి 2020 డిసెంబరులో మళ్లీ వాయువు రావడం మొదలైనా, పోయిన ఏళ్లకు వడ్డీ కట్టినవారు వేరు.

ధర కూడా ఒక ఊహే

ఇకపోతే, నిల్వ అంకెలో వర్తకులు తరచు గమనించని ఊహ ఒకటి వున్నది. అది ధర. తీయడానికి గిట్టుబాటయ్యే చమురునే ‘రుజువైన నిల్వ’గా చూపాలని నియమం. అమెరికా నిబంధనల ప్రకారం గడచిన 12 నెలలలో ప్రతి నెల మొదటి రోజు ధరల సగటును ఇందుకు ప్రాతిపదికగా తీసుకుంటారు. తత్ఫలితంగా ధర పడితే ఒక్క పీపా తీయకుండానే నిల్వ తగ్గుతుంది. 2016 సంవత్సరాంతపు లెక్కలలో ఎక్సాన్ మొబిల్ సంస్థ కెనడాలోని కెర్ల్ తారు ఇసుక క్షేత్రానికి చెందిన సుమారు 350 కోట్ల పీపాలను ఈ కారణంగానే రుజువైన నిల్వలనుంచి తొలగించింది. సరుకు మాత్రం వున్నచోటనే వున్నది.

నిర్వచనంలో సడలింపు చూపితే ఏమవుతుందో షెల్ సంస్థ ఉదంతం తెలుపుతుంది. 2004 జనవరి 9న ఆ సంస్థ 390 కోట్ల పీపాలను, అనగా తన రుజువైన నిల్వలో సుమారు అయిదో వంతును, ఆ తరగతినుంచి తప్పించింది. షేరు ధర పడిపోయింది. మార్చిలో చైర్మన్ పదవి వీడవలసి వచ్చింది.

వర్తకులు అడగవలసినవి

పై విషయాలను బట్టి ఇంజనీర్ల లెక్కలన్నీ బూటకమని భావించరాదు. కనపడని సరుకుకు లెక్క కట్టాలంటే ఏదో ఒకటి అనుకోక తప్పదు. వారి నివేదికలలో ఆ ఊహలను రాసే వుంచుతారు. నివేదిక నుంచి ప్రకటనకు, ప్రకటన నుంచి బజారు వార్తకు వచ్చేసరికి ‘అనుకుందాం’ జారిపోయి అంకె ఒక్కటే మిగులుతున్నది. చిక్కంతా అక్కడే.

కావున నిల్వల వార్త రాగానే ఈ క్రింది అయిదు ప్రశ్నలు వేసుకోవడం మంచిది.

1. చెప్పిన అంకె భూమిలో వున్నదా, తీయగలిగినదా? చమురులో తీయగలిగేది ప్రపంచ సగటున మూడో వంతు మాత్రమే.

2. అది ఏ తరగతి? రుజువైన నిల్వ అంటే అంతకు తక్కువ కాకుండా దొరికే అవకాశం నూటికి 90 పాళ్లు. సంభావ్య నిల్వ కలిపితే 50 పాళ్లు, సాధ్యమనుకున్నది కూడా కలిపితే 10 పాళ్లే.

3. ఎన్ని బావుల ఆధారంగా, ఎన్నేళ్ల ఉత్పత్తి ఆధారంగా చెప్పారు?

4. తరుగుదల ఏ పద్ధతిలో కట్టారు?

5. ఏ ధర అనుకొని కట్టారు? నేటి ధర అంతకంటే తక్కువైతే ఎంత నిల్వ ఎగిరిపోతుంది?

వీటిలో రెండింటికైనా జవాబు దొరకనప్పుడు ఆ వార్తపై పెద్ద బేరానికి దిగకుండా, తదుపరి త్రైమాసిక ఉత్పత్తి అంకెలు వచ్చేవరకు వేచి వుండడం శ్రేయస్కరం. ఉత్పత్తి అంకె మీటరులో కొలిచినది. నిల్వ అంకె కాగితంపై కట్టినది.