కొండ ప్రాంత ప్రయోగశాలలకు తక్కువ ఖర్చుతో ప్రతిజనక పునరుద్ధరణ: వేడిచేసే పద్ధతుల ఎంపిక

తూర్పు కనుమల గిరిజన గ్రామాలలో సేద్యం పంటతో మాత్రమే సాగదు. చిరుధాన్యాలు, పసుపు, కాఫీ, మిరియాలతో పాటు మేకలు, పందులు, కోళ్లు కుటుంబానికి ఆపత్కాలంలో ఆదుకునే ఆస్తి. మందలో మేకలు వరుసగా మరణించినప్పుడు కారణం పారుడు వ్యాధి (పి.పి.ఆర్.) అవునో కాదో తేలితేనే టీకాలు ఎక్కడ ప్రారంభించాలో నిర్ణయించగలరు. ఈ వ్యాధి భారతదేశంలో 1987లో తమిళనాడులో తొలిసారి బయటపడింది. దీనిని 2030 నాటికి ప్రపంచమంతటా నిర్మూలించాలన్నది అంతర్జాతీయ లక్ష్యం.

తాజా కణజాలాన్ని మంచులో ఉంచి పంపడం అరకు లోయ వంటి ప్రాంతాల మారుమూల గ్రామాల నుండి తరచు సాధ్యపడదు. ఫార్మలిన్‌లో ఉంచిన ముక్కకు మంచు అవసరం లేదు. అయితే ఫార్మలిన్ వైరస్‌ను నిర్జీవం చేస్తుంది కనుక ఆ ముక్క నుండి వైరస్‌ను పెంచలేరు. ప్రతిరక్షకాలతో రంజనం చేసి వైరస్ ప్రతిజనకాన్ని, అంటే యాంటిజెన్‌ను, గుర్తించడం మాత్రం సాధ్యమే.

వేడి ఎందుకు?

ఫార్మాల్డిహైడ్ ప్రొటీన్ల మధ్య అడ్డుబంధాలను ఏర్పరుస్తుంది. అందువలన ప్రతిరక్షకం అతుక్కోవలసిన భాగం మరుగున పడుతుంది. అధిక ఉష్ణోగ్రత ఈ బంధాలను కొంతవరకు విడదీస్తుందని 1940లలో ఫ్రాంకెల్-కాన్రాట్ బృందం పరిశోధనలు సూచించాయి. వాటి ఆధారంగా 1991లో షీ, కీ, కాల్రా అనే శాస్త్రవేత్తలు మైక్రోవేవ్‌తో ప్రతిజనక పునరుద్ధరణ పద్ధతిని ప్రకటించారు. ఇందులో ప్రధానమైనవి ద్రావణం ఉదజని సూచిక, ఉష్ణోగ్రత, కాలం. వేడి ఏ పరికరం నుండి వచ్చిందన్నది ముఖ్యం కాదు. అందుకే ఖరీదైన యంత్రం లేకున్నా పని జరుగుతుంది.

ఎత్తు ప్రభావం

సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున గల అరకులో నీరు దాదాపు 97 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. మూతలేని పాత్రను ఎంత మంటపై ఉంచినా ఉష్ణోగ్రత అంతకు మించదు. కనుక మైదాన ప్రాంతపు ప్రయోగశాల 100 డిగ్రీల వద్ద నిర్ణయించిన కాలాన్ని ఇక్కడ యథాతథంగా అనుసరిస్తే రంజనం బలహీనపడే అవకాశం ఉంది. బుడగలను చూసి కాక, ఉష్ణమాపకంతో కొలిచి కాలాన్ని నిర్ణయించాలి.

పద్ధతుల పోలిక

1. నీటి తొట్టి లేదా ఆవిరి పాత్ర: 95–97 డిగ్రీల వద్ద 20–40 నిమిషాలు. కోతలు ఊడిపోవడం తక్కువ. సమయం ఎక్కువ పడుతుంది.

2. గృహావసర మైక్రోవేవ్: సుమారు 20 నిమిషాలు. వేడి అన్నిచోట్లా సమానంగా ఉండదు. ద్రావణం ఆవిరై స్లైడ్లు ఎండిపోకుండా మధ్యలో నింపుతుండాలి. విద్యుత్తు తప్పనిసరి.

3. ప్రెషర్ కుక్కర్: చదరపు అంగుళానికి 15 పౌండ్ల అదనపు పీడనం వద్ద మైదానంలో సుమారు 121, అరకు ఎత్తున సుమారు 119 డిగ్రీలు లభిస్తాయి. పూర్తి పీడనం వచ్చిన తరువాత 2–3 నిమిషాలు చాలు. గ్యాస్ పొయ్యిపైనా పనిచేస్తుంది. కొండ ప్రాంతానికి ఇదే అనుకూలం.

ఆచరణ విధానం

5 మిల్లీమీటర్లకు మించని మందం గల ఊపిరితిత్తి, ప్లీహం, పేగు, శోషరస గ్రంథి ముక్కలను పదిరెట్ల పరిమాణం గల 10 శాతం తటస్థ బఫర్ ఫార్మలిన్‌లో 24–48 గంటలు ఉంచాలి. నెలల తరబడి ఉంచితే పునరుద్ధరణ కష్టమవుతుంది. పారఫిన్‌లో అమర్చి 3–5 మైక్రోమీటర్ల కోతలను పాలీ-ఎల్-లైసిన్ లేదా సైలేన్ పూసిన స్లైడ్లపై తీసుకోవాలి. పారఫిన్ తొలగించి, నీటికి తెచ్చిన పిదపనే వేడిచేయాలి.

లీటరు స్వేదన జలంలో 2.94 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ కరిగించి, ఉదజని సూచికను 6.0కు సరిచేయాలి. ఈ ద్రావణంతో ఫలితం రాకపోతే సూచిక 9.0 గల ట్రిస్-ఇ.డి.టి.ఎ. ద్రావణాన్ని పరీక్షించాలి. సిట్రేట్ అల్యూమినియంతో చర్య జరుపుతుంది కనుక స్టెయిన్‌లెస్ స్టీల్ కుక్కర్ వాడాలి. పీడనం పూర్తిగా దిగిన తరువాతే మూత తీసి, స్లైడ్లను ద్రావణంలోనే 20 నిమిషాలు చల్లార్చాలి. ఆ కుక్కర్‌ను తిరిగి వంటకు వాడరాదు.

ప్రతి విడతలోనూ వ్యాధి ఉన్నట్లు తెలిసిన కణజాలం, వ్యాధి లేని కణజాలం, ప్రధాన ప్రతిరక్షకం వేయని కోత తప్పక ఉండాలి. కొత్త ప్రతిరక్షకం తెచ్చినప్పుడు తెలిసిన కణజాలంపై వేర్వేరు కాలాలను పోల్చి, నేపథ్యపు రంగు పెరగకుండా స్పష్టమైన రంజనం ఇచ్చిన కాలాన్ని నమోదు చేయాలి.

హెచ్చరిక

పశువు హఠాత్తుగా మరణించి, ముక్కు, నోరు, మలద్వారం నుండి గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంటే దొమ్మరోగాన్ని (ఆంత్రాక్స్) అనుమానించాలి. అట్టి కళేబరాన్ని కోయరాదు, మాంసం పంచుకోరాదు. వెంటనే పశువైద్యునికి తెలపాలి.

ముగింపు

మూతలేని పాత్రలో వేడిచేసే ప్రయోగశాల తన ఎత్తుకు తగిన కాలాన్ని స్వయంగా నిర్ధారించుకోవాలి. కుక్కర్ వాడేచోట కూడా ఒకసారి నిర్ధారణ అవసరమే. ఇట్లు చేసినప్పుడు గ్రామంలో ఫార్మలిన్‌లో వేసిన ముక్క, మంచు లేకుండా ప్రయాణించినా, మందకు పట్టిన వ్యాధిని తెలుపగలదు.