డ్యూటీ గొంతు ఇంటికొస్తే

నస్పూర్ సింగరేణి కాలనీలో సెకండ్ షిఫ్ట్ దిగిన తండ్రి ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. పదో తరగతి కొడుకు ఫోన్ పట్టుకుని ఇంకా మేలుకునే ఉంటాడు. "ఇంకా పండలేదా? ఎవనితోని మాట్లాడుతున్నవ్? పొద్దుగాల లేస్తవా?" జవాబు కోసం ఆగని ప్రశ్నలు. కొడుకు దుప్పటి ముసుగేస్తాడు. ఆ వారానికి ఇద్దరి మధ్యా మాటలు అంతే. వాడు బడి నుంచి వచ్చేసరికి బాపు బాయి మీద, అంటే గనిలో ఉంటాడు, వాడు బడికి పోయేటప్పుడు నిద్రలో ఉంటాడు.

ఆ ప్రశ్నలు ఎక్కడివి? "ఎందుకు లేటైంది? మొన్న నాగా ఎందుకు పెట్టినవ్?" అని పై అధికారి తనను నిలదీసిన గొంతే అది. అక్కడ మింగిన మాట ఇంట్లో చిన్నవాడి మీద బయటపడుతుంది. ఈ జబ్బు గని కార్మికుడి ఒక్కడిదే కాదు, బ్యాంకు ఉద్యోగికీ ఉంది. పంతుళ్లకైతే ఇంకాస్త ఎక్కువ.

నిద్ర సంగతే చూడండి. యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది, అందుకే రాత్రి తొందరగా నిద్ర పట్టదు. ఉన్నత పాఠశాలలు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో చెప్పింది ఇందుకే. ఫోన్ తప్పు ఫోన్‌కు ఉంది, కాదనను. కానీ నైట్ షిఫ్ట్ వారంలో పట్టపగలు కళ్లు మూసుకుని దొర్లే తండ్రికి, రమ్మంటే నిద్ర రాదని ఒకరు చెప్పాలా?

అసలు ముడి ఇంకోచోట ఉంది. "నా లెక్క బాయిల పడకు బిడ్డా" అంటాడు తండ్రి. మార్కులు తగ్గిన రోజు అదే నోటితో "నువ్వు చదవవు, ఆఖరికి నా నౌకరే నీకు దిక్కు" అంటాడు. సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఇప్పుడున్నవి కారుణ్య నియామకాలు. అంటే తండ్రి మెడికల్ అన్‌ఫిట్ కావాలి, లేదా పోవాలి. ఆ సంగతి పదిహేనేళ్లవాడికి బాగా తెలుసు. తండ్రి కోపంలో విసిరిన మాట, తండ్రికి ఏదో అయితేనే తనకు బతుకు అన్నట్టు వాడి చెవిన పడుతుంది. వాడు తలుపు వేసుకుంటే పొగరు అంటాం. భయమేమోనన్న అనుమానం మనకు రాదు, ఎందుకంటే మన భయాన్ని కూడా మనం కోపం అనే అనుకుంటాం.

గనిలో సర్దార్ తాను తనిఖీ చేసిన చోట చూసింది చూసినట్టు పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. తండ్రి కూడా ఒక చిన్న నోట్‌బుక్‌లో తన మీద తాను అలాంటి రిపోర్టు రాసుకోవచ్చు. అందులో కొడుకు తప్పులు ఉండకూడదు. "ఈరోజు డ్యూటీలో మాట పడ్డాను. ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే అరిచాను." ఇంతే చాలు. కొన్ని రోజులు రాశాక తిరగేస్తే, అరిచిన రోజుల్లో కొడుకు చేసిన నేరం ఎంతో, మన బడలిక ఎంతో కనిపిస్తుంది. తల్లి కూడా రాసుకోవాలి. బాపు మాట కొడుక్కీ, కొడుకు మాట బాపుకూ చేరవేస్తూ మధ్యలో ఆమె తన కోపం ఎంత కలుపుతోందో ఆమెకే తేలాలి.

తర్వాత కొడుకుతో, "నిన్నటి కోపం నీ మీద కాదురా, పని మీదిది" అనగలిగితే మంచిది. వాడు కరిగిపోయి కావలించుకుంటాడని ఆశపడొద్దు. "సరే" అని ఫోన్‌లోకి తల దించుతాడు. మొదట్లో అనుమానంగా కూడా చూస్తాడు. అది వాడి హక్కు. అయితే తిండి మానినా, నలుగురిలోకి రాకపోయినా, చావు మాట ఎత్తినా నోట్‌బుక్కుతో సరిపెట్టొద్దు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

ప్లేడే డ్యూటీ, అంటే సెలవు రోజు పని, వదులుకుంటే పోయే డబ్బు తక్కువేం కాదు. అయినా నెలకొక ఆదివారం వదిలేసి, కొడుకును బండి మీద మంచిర్యాల తీసుకుపోవచ్చు. వెనక కూర్చున్నవాడికి మాట తేలిగ్గా వస్తుంది, మొహం చూస్తూ చెప్పక్కర్లేదు కదా. దారిలో మార్కుల ఊసు మాత్రం ఎత్తొద్దు.