అందిందని తేలేదాకా బాధ్యత మీదే

"నేను ఫార్వర్డ్ చేసేశానండీ, తర్వాత ఏమైందో నాకు తెలీదు." ఆఫీసుల్లో తరచూ వినే మాట ఇది. పని చేతులు మారేటప్పుడే జారిపోయే ప్రమాదం ఎక్కువ. అక్కడ ఎలా మెలగాలో మిడిల్‌వేర్‌ని చూసి నేర్చుకోవచ్చు.

ఒక సాఫ్ట్‌వేర్ క్యూలో పడిన ఆర్డరునో, చెల్లింపు వివరాన్నో, అంటే ఒక సందేశాన్ని, తీసుకుని మరో క్యూలో వేయడం దాని పని. 1993లో ఐబీఎం తెచ్చిన ఎంక్యూసిరీస్, 2007లో వచ్చిన అపాచీ కేమెల్ ఈ కోవలోవే. వాటిని నడిపే ఇంజనీర్లు పాటించే సూత్రాలు మూడు.

1. చేరాకే వదలండి

సరిగ్గా అమర్చిన చోట, రెండో క్యూలోకి చేరడం ఖాయమయ్యాకే మొదటి క్యూ నుంచి సందేశం తొలగుతుంది. మధ్యలో సర్వర్ ఆగిపోయినా సందేశం పాత చోటే భద్రంగా ఉంటుంది. మీరూ పని అప్పగించాక "అందింది, నేను చూసుకుంటా" అన్న జవాబు వచ్చేవరకు దాన్ని మీ జాబితాలోంచి కొట్టేయకండి.

2. ఒకే పని రెండుసార్లు చేయకండి

సందేశం అందిందని తెలిపే రసీదు దారిలో పోతే అదే సందేశం మళ్లీ వస్తుంది. గమనించకుండా తీసుకుంటే కస్టమర్ ఖాతాలో డబ్బు రెండుసార్లు కోత పడుతుంది. అందుకే ప్రతి సందేశానికీ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్య ముందే నమోదై ఉంటే రెండోదాన్ని పక్కన పెడతారు. మీ దగ్గరికి పని వచ్చినప్పుడు, ఇది ఇప్పటికే అయిపోయిందా అని ఒక్క నిమిషం చూసుకోండి. మళ్లీ అడిగినవారిని విసుక్కోకండి. మీ జవాబు వారికి అంది ఉండకపోవచ్చు.

3. ప్రయత్నానికి హద్దు పెట్టుకోండి

యాక్టివ్‌ఎంక్యూ క్లాసిక్ అనే మిడిల్‌వేర్‌లో ఒక సందేశం విఫలమైతే, మనం మార్చనంతవరకు, మరో 6 సార్లు ప్రయత్నం జరుగుతుంది. అప్పటికీ కాకపోతే, పోగొట్టుకోకూడని సందేశాన్ని, విఫలమైనవాటిని విడిగా ఉంచే డెడ్ లెటర్ క్యూలోకి ఆ మిడిల్‌వేర్ మళ్లిస్తుంది. దానివల్ల వెనకున్నవి ఆగిపోవు, అదీ పోదు. మొండికేసిన పని కోసం మీరూ ఒక పేజీ కేటాయించండి. ఎందుకు ఆగిందో, ఎవరిని అడగాలో అందులో రాయండి. వారానికోసారి తప్పకుండా తెరవండి. ఎవరూ తెరిచి చూడని డెడ్ లెటర్ క్యూ చెత్తబుట్టతో సమానం.

ఈ మూడూ అలవాటైతే మీకు అప్పగించిన పని గురించి ఎవరూ రెండోసారి ఆరా తీయరు. ఆ నమ్మకమే మిమ్మల్ని పెద్ద బాధ్యతలకు చేరుస్తుంది. ఈ వారం మీరు ఇతరులకు పంపిన పనులన్నీ ఇప్పుడే ఒక కాగితం మీద రాయండి. జవాబు రానివాటికి ఈరోజే ఫోన్ చేయండి.